కట్లమ్మ కొన్న రంపాలు

మా వీధిలో ఆమెను అందరూ కట్లమ్మ అనే పిలిచేవారు. పెద్దాసుపత్రిలో ఎముకల వార్డు పక్కన ఒక చిన్న గది ఉండేది. విరిగిన చేతులకూ కాళ్ళకూ పిండికట్లు వేసేదీ, ఎముక అతుక్కున్నాక వాటిని కోసి తీసేదీ అక్కడే. ఆ గదిలో ఆమె ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసింది. నేను వాళ్ళ మేడ మీది వాటాలో పదకొండేళ్ళు అద్దెకున్నాను. ఇక్కడ చెప్పేదాంట్లో కొంత నా కళ్ళతో చూసింది, కొంత ఆమె నోట విన్నది.

పిండికట్టు కోయడానికి ఒక చిన్న కరెంటు రంపం ఉంటుంది. దాని బ్లేడు గిర్రున తిరగదు. ఉన్నచోటే అటూ ఇటూ అదురుతుంది. గట్టిగా ఉన్నదాన్ని కోస్తుంది, మెత్తటి చర్మం దానితోపాటే కదిలిపోతుంది కాబట్టి తెగదు. ఆ సంగతి కట్టుతో వచ్చినవాళ్ళకు తెలియదు కదా. దాని రొద వినగానే మీసాలు మెలేసే మనుషులు కూడా బల్ల అంచు పట్టుకునేవారట. కట్లమ్మ ముందుగా ఆ బ్లేడును తన అరచేతికి ఆనించి చూపించేది. "చూశారా, నన్నేం చెయ్యలేదు. మిమ్మల్ని మాత్రం ఎందుకు చేస్తుంది? మీరంటే దానికేమన్నా పగా?" అనేది. నవ్వు వచ్చినవాడు నవ్వేవాడు. రానివాడు కళ్ళు మూసుకునేవాడు.

ఆమె భర్త చాలా ఏళ్ళ క్రితమే పోయాడు. ఒక్కతే కూతురు, పెళ్ళయి ఊరి అవతలి కొసన కాపురముంటోంది. కట్లమ్మతో ఉండేది ఆమె చెల్లెలు. అక్కకన్నా ఆరేళ్ళు చిన్న. వీధి మొదట్లో కుట్టుకొట్టు నడిపేది గనుక ఆమె టైలరమ్మ. వీధిలో ఎవరు ఒళ్ళు చేశారో, ఎవరు చిక్కిపోయారో ఇంట్లోవాళ్ళకన్నా ముందు ఆమెకే తెలిసేది. తెలిసినా నోరు విప్పేది కాదు. పెళ్ళి చేసుకోలేదేమని ఎవరన్నా అడిగితే, "నా కొలతకి సరిపోయేవాడు దొరకలేదు, వదులు చేయించుకునే ఓపిక నాకు లేదు" అని సూదిలో దారం ఎక్కించుకునేది.

టైలరమ్మకు యాభై రెండో ఏట తొడల్లో బలం తగ్గడం మొదలైంది. మొదట మెట్లెక్కలేకపోయింది. తర్వాత మిషను ముందు స్టూలు మీంచి లేవాలంటే రెండు చేతులూ బల్లకు ఆనించాల్సి వచ్చింది. ఏడాది తిరిగేసరికి అలా కూడా లేవలేకపోయింది. కండరాలు కరిగిపోయే జబ్బని డాక్టర్లు తేల్చారు. నెమ్మదిగా పెరుగుతుందన్నారు. చేతులు ఇంకా కొంతకాలం బాగుంటాయన్నారు. మందు సంగతి అడిగితే ఫైలు మూసి పక్కన పెట్టారు.

ఆ సంవత్సరమే కట్లమ్మ రిటైరయింది. కుట్టుకొట్టు మూసేశారు. పొద్దున లేచింది మొదలు అక్క పని ఒక్కటే: చెల్లెల్ని కూర్చోబెట్టడం, లేపడం. చంకల కింద చేతులు పెట్టి, "ఒకటి, రెండు, ఊ!" అని పైకెత్తేది. నిలబడ్డాక టైలరమ్మ చేతికర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగేది. లేవడమే రాదు. బాత్రూంలో కూడా అక్క పక్కన నిలబడాల్సిందే. తలుపు దగ్గరగా వేసేవారు గాని, గడియ వేసి రెండేళ్ళయింది. దాని గురించి టైలరమ్మ ఎప్పుడూ ఏమీ అనలేదు. ఒక్కసారి మాత్రం, నేను గిన్నె తిరిగి ఇవ్వడానికి కిందికి వెళ్ళినప్పుడు, "ఒకరు చూస్తుండగా కొలత ఇవ్వడం ఎంత కష్టమో ఇన్నేళ్ళు నా దగ్గరకొచ్చినవాళ్ళకి తెలిసుంటుంది. నాకిప్పుడు తెలిసింది" అంది.

ఎత్తుగా ఉన్న కుర్చీ అయితే తనంతట తను లేవగలదని ఆసుపత్రిలో వ్యాయామం చేయించే ఆవిడ చెప్పింది. వడ్రంగిని పిలిపించారు. ఎత్తుగా కావాలని ఎంత చెప్పినా, కుర్చీ అంటే పద్దెనిమిది అంగుళాలేనమ్మా అంటూ పద్దెనిమిదికే చేసి తెచ్చాడు. కింద ఇటుకలు పెట్టి చూశారు, కుర్చీ ఊగింది. రెండో వడ్రంగి అన్నీ రాసుకుని వెళ్ళి రెండు నెలలు కనబడలేదు. ఫోను చేసిన ప్రతిసారీ దారిలో ఉన్నానన్నాడు.

"ఎంత పెద్ద దారో పాపం" అంది టైలరమ్మ.

కట్లమ్మ నవ్వలేదు. "నేనే చేస్తాను. ఇరవై తొమ్మిదేళ్ళు రంపం పట్టాను, ఒక కుర్చీ చెయ్యలేనా?" అంది.

ఆ మాట కూతురి ద్వారా అల్లుడి చెవిన పడింది. అల్లుడు మంచివాడు. అత్తగారికి ఏ చిన్న పని పడినా పరుగెత్తుకొచ్చేవాడు. అతనికి ఉన్న బలహీనత ఒక్కటే, మెషిన్ల పిచ్చి. ఫోనులో వీడియోలు చూసి చూసి తనకు అన్నీ వచ్చనుకునేవాడు. మరుసటి ఆదివారమే కరెంటు రంపం తెచ్చి వరండాలో పెట్టాడు. పళ్ళెమంత గుండ్రటి బ్లేడు, పైన పిడి, పిడి లోపల స్విచ్చు.

"చేతి రంపంతో ఎప్పటికవుతుందత్తయ్యా? మీరు ఒక కాలు కోసేలోపు పిన్నిగారికి నాలుగు కాళ్ళూ నొప్పులు పుడతాయి" అన్నాడు.

"నాకున్నవి రెండే కాళ్ళు బాబూ" అంది టైలరమ్మ.

ఇంటి వెనక సైకిళ్ళు పెట్టుకునే రేకుల షెడ్డు ఒకటుండేది. దాన్ని ఖాళీ చేశారు. పాత గది నుంచి తీసేసిన దిట్టమైన చెక్క తలుపు ఉంటే, దాన్ని పలకలుగా విడదీశారు. అల్లుడు రెండు కోతలు కోసి చూపించి, జాగ్రత్తలు చెప్పి వెళ్ళాడు.

రెండు రోజుల తర్వాత పొద్దున పది గంటల ప్రాంతంలో నేను పైన బట్టలు ఆరేస్తున్నాను. కింద రంపం రొద వినబడుతోంది. ఉన్నట్టుండి ఎవరో దాని గొంతు పట్టుకున్నట్టు ఆ రొద బిగుసుకుపోయింది. మరుక్షణం ఏదో విసిరికొట్టినట్టు పెద్ద చప్పుడు. నేను తడి బట్ట చేత్తో పట్టుకునే మెట్లు దిగి పరుగెత్తాను.

షెడ్డు గుమ్మం పక్కన చక్రాల కుర్చీలో టైలరమ్మ. అక్క పని చూస్తానని రోజూ అక్కడే కూర్చునేది. ఆమె పాదానికి జానెడు దూరంలో రంపం నేల మీద పడి ఉంది. సిమెంటు మీద దాని పళ్ళు గీసిన తెల్లటి చార షెడ్డు మధ్య నుంచి అక్కడిదాకా ఉంది. కట్లమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె పాత ఆసుపత్రి కోటు కుడి జేబు చిరిగి వేలాడుతోంది. పలక కోస్తుండగా బ్లేడు చెక్కలో ఇరుక్కుని, రంపం ఒక్క ఉదుటున వెనక్కి ఎగిరి చేతిలోంచి జారిపోయింది. స్విచ్చు వదిలేసినా బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంది. నేలకు పళ్ళు తగిలి బతికున్న జంతువులా పాక్కుంటూ చెల్లెలి వైపు వెళ్ళింది. వైరు బిగుసుకుని ప్లగ్గు ఊడాకే ఆగింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. కట్లమ్మ నెమ్మదిగా వచ్చి చెల్లెలి కాళ్ళ దగ్గర కూలబడింది. ఆ రెండు పాదాలనూ చేతులతో తడిమింది. చాలాసేపు తడుముతూనే ఉంది.

సాయంత్రం అల్లుడు వచ్చాడు. రంపం ఎత్తి చూడగానే అతని ముఖం పాలిపోయింది. బ్లేడు కిందిభాగాన్ని కప్పే మూత ఒకటి ఉంటుంది. చెక్కను ఆనించినప్పుడు తెరుచుకుని, తీసేయగానే దానంతట అదే మూసుకోవాలి. దాన్ని ఒక ఇనుప తీగతో వెనక్కి కట్టేసి ఉంది.

"నేనే కట్టానత్తయ్యా. గీత కనబడట్లేదని. వీడియోలో అలాగే చేశాడు..." అన్నాడు.  వెళ్ళి వరండా మెట్ల మీద కూర్చుని తల పట్టుకున్నాడు. పిన్నిగారి ముఖం చూడలేక లోపలికి రానన్నాడు.

కట్లమ్మ వెళ్ళి అతని పక్కన కూర్చుంది. తిడుతుందేమోనని నేను మేడ మెట్ల మీదే ఆగిపోయాను.

"ఒక అమ్మాయి ఉండేది, పన్నెండేళ్ళుంటాయి" అంది. "కాలి కట్టు కొయ్యడానికొచ్చింది. ఆ రోజు బ్లేడు అరిగిపోయుంది. అరిగిన బ్లేడు వేడెక్కుద్ది, నాకు తెలుసు. మార్చాలంటే స్టోరుకెళ్ళాలి. బయట పదిమంది కూర్చున్నారు. కోస్తుంటే ఆ పిల్ల 'మంటగా ఉందాంటీ' అంది. భయంతో అంటోందిలే అనుకున్నా. 'ఏం కాదమ్మా' అన్నా. రెండోసారీ అంది. 'ఏం కాదు' అన్నా. కట్టు తీసి చూస్తే పిక్క పక్కన వేలెడు పొడుగున కాలింది. ఆ మచ్చ ఈపాటికీ ఉండే ఉంటుంది."

అల్లుడు తలెత్తి చూశాడు.

"వాళ్ళమ్మ నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. అప్పట్నుంచీ 'ఏం కాదు' అనడం మానేశాను. ఎవరు ఏమన్నా రంపం ఆపేసి చూసేదాన్ని. రోజుకి ఇరవైసార్లు ఆపేదాన్ని, అందరూ విసుక్కునేవాళ్ళు." అతని భుజం మీద చెయ్యి వేసి, "ఇవాళ కూడా చెక్క కిర్రుమంది. విన్నాను. ఆపలేదు. నీది సగం తప్పయితే నాది సగం. లే, లోపలికి రా. నువ్వు బయట కూర్చుంటే అదింకా బాధపడుద్ది" అంది.

ఆ తర్వాత తొమ్మిది రోజులు షెడ్డు తలుపు తియ్యలేదు. రంపాన్ని పాత దుప్పట్లో చుట్టి అటక మీదికి ఎక్కించింది. కుర్చీ ఊసు ఎత్తలేదు. చెల్లెల్ని లేపేటప్పుడు కూడా "ఒకటి, రెండు" అనడం మానేసింది.

పదో రోజున టైలరమ్మే మాట కదిలించింది. నేను అక్కడే ఉన్నాను.

"అక్కా, అది నా మీదికొస్తుంటే నేను లేవాలని చూశాను. లేవలేకపోయాను. నువ్వు భయపడి మానేస్తే నేనెప్పటికీ అలాగే కూర్చోవాలి."

 ఆ మధ్యాహ్నమే కట్లమ్మ చక్రాల కుర్చీ తోసుకుంటూ, నన్ను తోడు తీసుకుని, పనిముట్ల కొట్టుకు బయల్దేరింది.

ఆ కొట్టుకు మూడు మెట్లున్నాయి. చక్రాల కుర్చీ ఎక్కదు. కొట్టు పెద్దాయన ముక్కు మీద కళ్ళద్దాలు సర్దుకుని మమ్మల్ని చూశాడు. ఇంకో మాట లేకుండా నాలుగైదు రంపాలు చంకన పెట్టుకుని, ఒక చెక్కముక్క, ఒక స్టూలు తీసుకుని కాలిబాట మీదికి దిగొచ్చాడు.

"మంచి రంపం ఇవ్వండి" అంది కట్లమ్మ.

"మంచి రంపమనేది ఒకటి లేదమ్మా. ఏం చేస్తారో చెప్పండి, అప్పుడు ఏది మంచిదో చూద్దాం."

ఆమె కుర్చీ సంగతి చెప్పింది. జరిగిందీ దాచకుండా చెప్పింది. ఆయన మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు.

"పలకని రెండు స్టూళ్ళ మీద వేసి మధ్యలో కోశారా?"

"అవును."

"అందుకే. కోత పడేకొద్దీ పలక మధ్యలో కుంగుద్ది. కుంగితే కోత నోరు మూసుకుంటుంది. మూసుకుంటే బ్లేడుని కరిచి పట్టుకుంటుంది. మెషిన్‌కి బలం ఎక్కువ, ఆగలేదు, కాబట్టి వెనక్కి ఎగురుద్ది. కోసేదాని కిందంతా ఆసరా ఉండాలి, లేదా తెగిపడే ముక్క స్వేచ్ఛగా కిందికి పడాలి. మూత తీగ ఇప్పేశారా?"

"ఇప్పేశాం."

"సరే. మెషిన్ మంచిదే, పారెయ్యకండి. పొడుగాటి పలకలు నిలువునా చీల్చాలంటే అదే దిక్కు. కానీ ఇప్పుడే వద్దు. ముందు చేత్తో కొయ్యండి. చేతి రంపమైతే చెక్క బిగుసుకుంటే చెయ్యి ఆగిపోతుంది. మీకేం జరుగుతోందో అది చెప్పుద్ది."

ఆయన రెండు చేతి రంపాలు పక్కపక్కన పెట్టి పళ్ళు చూపించాడు. ఒకదాని పళ్ళు చిన్న ఉలుల్లా నేరుగా ఉన్నాయి. రెండోదానివి చాకు మొనల్లా వాలుగా, ఒకటి అటు ఒకటి ఇటు తిరిగి ఉన్నాయి. "ఇది చెక్క నార వెంట నిలువుగా చీల్చడానికి. ఇది నారకి అడ్డంగా కొయ్యడానికి."

అప్పటిదాకా మాట్లాడకుండా ఉన్న టైలరమ్మ ముందుకు వంగింది. "బట్టకి నిలువు పోగు, అడ్డ పోగు ఉన్నట్టా?"

"అచ్చం అంతేనమ్మా."

"అయితే అడ్డానికి నిలువుది వాడితే?"

"చీలికలు లేస్తాయి. అంచు చింపిరి చింపిరిగా వస్తుంది."

"మొద్దు కత్తెరతో పట్టు కోసినట్టు" అందామె. పెద్దాయన మొదటిసారి నవ్వాడు. అప్పట్నుంచి ఆయన సగం మాటలు ఆమెతోనే చెప్పాడు.

కట్లమ్మ ఒక్కొక్క రంపం పట్టి చూసింది. ఆమె చెయ్యి చిన్నది. ఇరవై తొమ్మిదేళ్ళ అదురుకు ఆ చేతి వేళ్ళ కొసల్లో తిమ్మిరి నిలిచిపోయింది. ఆ సంగతి ఆసుపత్రిలో ఎవరికీ చెప్పలేదట. పెద్దాయన అడిగితే చెప్పింది. ఆయన పెద్ద పిడి ఉన్నది వెనక్కి తీసుకుని, కాస్త పొట్టిది, పిడి సన్ననిది చేతికిచ్చాడు. "పిడిని పిసకొద్దు. మూడు వేళ్ళతో పట్టుకోండి, చూపుడు వేలు కోత వైపు చాపండి. తోసేటప్పుడే బలం, లాగేటప్పుడు ఊరికే రానివ్వండి. చెమటలు పడుతున్నాయంటే తప్పు చేస్తున్నట్టు."

కాలిబాట మీద వచ్చేపోయేవాళ్ళు ఆగి చూస్తుండగా ఆమె స్టూలు మీద మోకాలు ఆనించి, చెక్కముక్కను అడ్డంగా కోసింది. మొదటి కోత వంకర పోయింది. రెండోది కొంత నయం. మూడోసారి సగంలో తనే ఆగి, చెవి పక్కకు వంచి, రంపం వాలు కాస్త మార్చి, మళ్ళీ కోసింది. ముక్క టప్పున కింద పడింది.

"ఇంతకుముందు ఏం కోసేవారు?" అడిగాడు పెద్దాయన.

"మనుషుల్ని" అంది టైలరమ్మ.

చివరకు కొన్నవి నాలుగు. అడ్డ కోతకు మధ్యరకం పళ్ళున్న చేతి రంపం ఒకటి. నిలువు కోతకు మరొకటి. మూడోది చిన్నది, వీపున ఇత్తడి పట్టీ ఉన్నది. పట్టీ ఉండటంతో బ్లేడు వంగదు, చెక్క చివర నాలుక చెక్కి ఇంకో చెక్క తొర్రలో దించే సన్నపనికి అదే కావాలి. నాలుగోది సన్నటి బ్లేడు కిందికీ పైకీ ఆడే చిన్న కరెంటు రంపం. చేతులు ఆనించే పట్టెల కొసలు గుండ్రంగా కోయాలంటే చేతి రంపం తిరగదు. దాన్ని మాత్రం ఒక్కసారికి ఐదు నిమిషాలకు మించి పట్టుకోవద్దని, తిమ్మిరి వేళ్ళకు అదురు మంచిది కాదని పెద్దాయన రెండుసార్లు చెప్పాడు. రంపాలతోపాటు చెక్కను బల్లకు బిగించే క్లాంపులు రెండు తీసుకొమ్మన్నాడు. "రంపాలు ఒకటి తక్కువైనా ఫర్లేదు, ఇవి లేకుండా ఏదీ కొయ్యొద్దు. చెక్కని పట్టుకోవాల్సింది మీ చెయ్యి కాదు."

ఇంటికొచ్చాక మొదటి పని ఎత్తు తేల్చడం. గట్టి స్టూలు మీద పలకలు ఒకదానిమీద ఒకటి పేర్చి టైలరమ్మను కూర్చోబెట్టారు. పద్దెనిమిది అంగుళాల దగ్గర కదల్లేకపోయింది. ఇరవై దగ్గర సగం లేచి పడిపోబోయింది. ఇరవై ఒకటిన్నర దగ్గర, నేనూ కట్లమ్మా చెరోవైపు బల్లలు పట్టుకుంటే, వాటి మీద చేతులు అదిమి లేచి నిలబడింది. పట్టెలు కూర్చునే పలకకన్నా ముందుకు పొడుచుకు రావాలనీ, పలక ముందువైపు పిసరంత వాలాలనీ ఆమే చెప్పింది. ఎన్ని వేల ఒళ్ళు కొలిచిందో గాని, తన ఒంటిని అలా కొలుచుకోవడం అదే మొదలు. టేపు మెడలో వేసుకుని, అంకెలు చెబుతూ, నాచేత రాయించింది.

మొదట కోసిన నాలుగు కాళ్ళూ పనికిరాకుండా పోయాయి. ఒక పట్టెను నాలుగు ముక్కలకు వరసగా గీతలు గీసి, గీతల మీదే కోసింది కట్లమ్మ. కోశాక కొలిస్తే ఒక్కొక్కటీ తక్కువే. రెండు కొసలా కోత పడినవి మరీ పొట్టి. ముక్కలు పక్కపక్కన నిలబెట్టి చూసుకుంటూ ఆమె కింది పెదవి కొరుక్కుంది.

"అక్కా, బట్టకి కుట్టు కోసం అదనం వదుల్తాం కదే. రంపం తినే చెక్క ఎక్కడ వదిలావు?" అంది చెల్లెలు.

కోత పడిన చోట రంపం మందమంతా పొట్టయి రాలిపోతుంది. కింద రాలిన పొట్టును కట్లమ్మ వేళ్ళతో ఎత్తి చూసింది. మర్నాటి నుంచి గీత గీసి, వదిలేసే ముక్క వైపు చిన్న ఇంటూ గుర్తు పెట్టి, గీతకు ఆ పక్కనే కోసేది. ఒక్కో ముక్క కోశాకే రెండోది కొలిచేది.

ఆరు వారాలు పట్టింది. అల్లుడు ఆదివారాలు వచ్చి చెక్కకు చిత్రిక పట్టేవాడు. అడగనిదే ఏ సలహా ఇచ్చేవాడు కాదు. కుర్చీ అందంగా ఉందని నేను చెప్పను. వెనక పట్టెల్లో ఒకటి కొంచెం పక్కకు ఉంది. జిగురు కారిన చోట్ల మరకలున్నాయి. కాని నాలుగు కాళ్ళూ నేలకు ఆనాయి. కట్లమ్మ దాని మీద తను కూర్చుని ఊగి చూసింది, నన్ను కూర్చోమంది, చివరకు అల్లుణ్ణి పట్టె మీద బరువంతా వేసి లేవమంది. ఆ తర్వాతే చెల్లెల్ని కూర్చోనిచ్చింది.

 టైలరమ్మ పట్టెల గుండ్రటి కొసలను అరచేతులతో పట్టుకుని చూసుకుంది. అక్క అలవాటుగా చంకల కిందికి చేతులు చాపబోతే, "ఉండు" అంది. మోచేతులు వణికాయి. నడుము లేచింది, ఒక క్షణం గాల్లో ఆగింది, మోకాళ్ళు నిటారయ్యాయి. చేతికర్ర అందుకుని మా ముగ్గురి మధ్య నుంచి నడుచుకుంటూ బాత్రూంలోకి వెళ్ళింది. అక్కడి సీటును కూడా అదే ఎత్తుకు, పక్క పట్టెలతో సహా, అంతకుముందే సిద్ధం చేశారు.

తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడైంది.

కట్లమ్మ ఆ తలుపు ముందు నిలబడింది. తట్టలేదు, పిలవలేదు. లోపల నీళ్ళ చప్పుడు ఆగేదాకా అలాగే నిలబడి, ఆ తర్వాత గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె ఏడవడం నేను చూడలేదు. స్టవ్వు వెలిగించిన చప్పుడు మాత్రం చాలాసేపటిదాకా వినబడలేదు.

ఆ కుర్చీ పద్నాలుగు నెలలు పనికొచ్చింది. ఆ పద్నాలుగు నెలలూ టైలరమ్మ మళ్ళీ కొంచెం కొంచెం కుట్టింది. బొత్తాలు, అంచులు, చేతిపని. చివరి నెలల్లో ఒకసారి కుర్చీ కాళ్ళ కింద అంగుళం దిమ్మెలు వేయాల్సి వచ్చింది. ఆరు వారాలకు ఇంకో అంగుళం. చలి మొదలయ్యేసరికి జబ్బు భుజాలకు ఎక్కింది. ఒకరోజు పట్టెల మీద చేతులు పెట్టి మూడుసార్లు ప్రయత్నించి, వెనక్కి ఆనుకుని, "కుర్చీ తప్పు కాదక్కా" అంది.  కట్లమ్మ మళ్ళీ చంకల కింద చేతులు పెట్టింది.

ఊపిరి తీసే కండరాలు కూడా సడలాక టైలరమ్మ ఎక్కువ రోజులు లేదు. వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, అక్క తన వీపు రాస్తుండగా పోయింది.

మూడు నెలలు గడిచాయి. కుర్చీని గోడవైపు తిప్పి పెట్టారు. ఎవరూ కూర్చునేవారు కాదు. అప్పుడు ఆసుపత్రి నుంచి వ్యాయామం చేయించే ఆవిడ ఫోను చేసింది. అదే జబ్బుతో ఒక పోస్టాఫీసు గుమాస్తా వస్తోందనీ, లేవలేకపోతోందనీ, ఆ కుర్చీ ఇస్తారేమోననీ అడిగింది. కట్లమ్మ చూసి చెబుతానంది. ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళి, పలకలు పేర్చి కొలిచి వచ్చింది.

"ఆవిడ పొట్టి. మనదానికన్నా అంగుళంపావు తగ్గాలి" అంది నాతో.

"కొత్తది చేసివ్వండి" అన్నాను. ఆ కుర్చీ జోలికి వెళ్ళొద్దన్నది నా ఉద్దేశం.

"కొత్తదంటే ఆరు వారాలు. ఆవిడకి ఇప్పుడు చేతులు బాగున్నాయి. ఆరు వారాలకి ఎలా ఉంటాయో నేను చూశాను కదా."

మర్నాడు పొద్దున కుర్చీని షెడ్డులోకి మోశాం. దిమ్మెలు విప్పేసి, బల్ల మీద పడుకోబెట్టి బిగించింది. నాలుగు కాళ్ళకూ చుట్టూ గీతలు గీసి, కిందివైపు ఇంటూ గుర్తులు పెట్టింది. నన్ను పైనుంచి పట్టుకోమంది. మొదటి కాలుకు రంపం ఆనించి, కోయకుండా ఆగింది. "అమ్మా, నేను చెయ్యనా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. రంపాన్ని వెనక్కి ఒకసారి లాగి గాడి పెట్టుకుని, కోసింది. తొందరపడలేదు. నాలుగో ముక్క కింద పడ్డాక నాలుగింటినీ ఏరి, వేడినీళ్ళు కాచే పొయ్యి పక్కన పుల్లల్లో వేసింది.

ఆ గుమాస్తా ఆ కుర్చీలోంచి లేచి నిలబడిందని నేను విన్నాను. అది జరిగి నాలుగేళ్ళయింది. తర్వాత ఇంకో ఇంటినుంచి పిలుపొచ్చింది, ఆ తర్వాత ఇంకొకటి. ఒక లారీ డ్రైవరుకు, ఒక టీచరు తల్లికి, తుంటి విరిగిన ఒక తాతకు చేసింది. పలకలు నిలువునా చీల్చాల్సిన పని ఎక్కువయ్యాక అటక మీది కరెంటు రంపం దింపించింది. పలక కింద బల్లంతా ఆసరా వేసి, మూత దానంతట అది మూసుకుంటోందో లేదో మూడుసార్లు చూసి, షెడ్డులో ఇంకెవరూ లేరని నిర్ధారించుకుని, అప్పుడు ప్లగ్గు పెడుతుంది. చిన్న చప్పుడు తేడా వచ్చినా ఆపేస్తుంది. అల్లుడు గుమ్మం బయటే నిలబడి ఉంటాడు.

నేను ఆ ఇల్లు ఖాళీ చేసి రెండేళ్ళయింది. మొన్న వెళ్ళినప్పుడు ఆమె వేళ్ళ తిమ్మిరి అరచేతిదాకా పాకిందని చెప్పింది. చిన్న కరెంటు రంపం అల్లుడికే అప్పగించేసిందట. పదకొండో కుర్చీకి తెచ్చిన చెక్క గోడకు చేరేసి ఉంది. ముసురు పట్టి వారం రోజులుగా చెక్క ఆరడం లేదని, అక్కడేమో ఆ కుర్చీ కావాల్సిన మనిషి ఎదురుచూస్తున్నాడని, నాతో మాట్లాడుతున్నంతసేపూ లేచి వెళ్ళి దాన్ని చేత్తో తడిమి వస్తూనే ఉంది.